రెండు సీసాలు

మా ఫ్రిజ్ తలుపులో, కోడిగుడ్ల అరకి కింద
మూడు నెలలు రెండు ఇన్సులిన్ సీసాలుండేవి.
ఒకటి నాది.
ఇంకొకటి ధనకోటమ్మది. గుర్తుకోసం
దాని మెడకి పసుపు దారం కట్టింది.

ధనకోటి. పేరు పెట్టినవాళ్లకి లెక్కలు రావు.
నాకు వచ్చు. ముప్పై ఒక్క ఏళ్లు
మురకంబట్టు అవతల మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో
హాజరు పుస్తకం రాసింది నేనే.
తోతాపురి దిగినన్ని రోజులూ
ఆమె పాదాలు పులిసిన రసంలో,
నా పాదాలు బల్లకింద, చెప్పుల్లో.
కూలీ రాసేది నేనే, కోత రాసేదీ నేనే.
గుజ్జు డబ్బాలకి మాత్రం చలిగది ఉండేది,
గోడ తాకితే చాలు, చెయ్యి జిల్లుమనేది.

నేను దిగిపోయినాను.
ఆమె ఇంకా ఆ పులుపులోనే ఉంది.

చక్కెర ఇద్దరికీ ఒకే ఏడు బయటపడింది.
చిత్తూరు పెద్దాసుపత్రిలో, చీటీల వరసలో
కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం.
నాది రెండువందల ఎనభై,
ఆమెది రెండువందల డెబ్బై ఆరు.
"నీకన్నా నాలుగు తక్కువే సామీ" అని నవ్వింది.
ఆ నాలుగు తప్ప
ఆమెకి కలిసొచ్చిన లెక్క
నా పుస్తకాల్లో ఎక్కడా లేదు.

కుండలో ఇసక పోసి, తడిపి
అందులో దాచేదంట మందుని.
ఏప్రిల్లో ఇసక కూడా కాగిందంట.
వెనక వాకిట్లో నిలబడి అడిగింది:
"మీ ఐసుపెట్టిలో ఓ మూల సామీ. మూల చాలు."
సరే అన్నాను.
అన్నందుకు రెండు రోజులు
నామీద నాకే మర్యాద పెరిగింది.

పొద్దున్నే ఏడింటికి వచ్చేది, వెనకనుంచే.
సీసా ఆమె అరచేతిలో పెట్టేవాణ్ణి కాదు,
జానెడు పైనుంచి జారవిడిచేవాణ్ణి.
ఆమె ఒక్కసారి కూడా కింద పడనీలేదు.
సూది ఒకటే, పదును పోయేదాకా.
మూడు పూటలా చౌకబియ్యమే.

ఆషాఢంలో ఇద్దరికీ దగ్గు పట్టింది, ఒకే వారం.
నన్ను అల్లుడు కారులో వేలూరు తీసకపోయినాడు.
ఎక్స్‌రే, రక్తం, మూడోనాటికి
"ఏం లేదు పెద్దాయనా, మామూలు దగ్గే."
ఆమెకి ఒకపూట మానితే పేరు కొట్టేస్తారు
(ఆ గీత ఎట్ల గీస్తారో నాకు తెలుసు).
రాత్రికి ఒక్క గదిలో ఆరుగురు,
పక్కింటి గోడలోకి తెరుచుకునే ఒక్క కిటికీ.
ఒకరు విడిచిన ఊపిరే
ఇంకొకరికి వచ్చేది.

ఆ దగ్గు మా వాకిట్లో వినపడిన మూడోరోజు
సీసాని పాలిథిన్ కవర్లో చుట్టి
పిట్టగోడ మీద పెట్టాను.
నా భార్య కాదు. నేనే.
"అక్కడుంది చూడు" అని లోపలినుంచే అరిచాను.
ఎండ అప్పటికే గోడెక్కింది.
ఆమె ఏమీ అనలేదు.
సీసా తీసుకుని, కవరు నాలుగు మడతలు పెట్టి
గాలికి పోకుండా పైన రాయి ఉంచి
మాది మాకు అప్పజెప్పి పోయింది.
మళ్లీ రాలేదు.

భాద్రపదంలో క్షయ సర్వే పిల్ల వచ్చింది, ట్యాబ్ పట్టుకుని.
వయసడిగింది, చక్కెర అడిగింది.
"మీలాంటివాళ్లకి తొందరగా సోకుతుంది తాతా, జాగ్రత్త."
నేనూ ధనకోటమ్మా ఆ మాటలో
ఒకే గడిలో పడ్డాం, మొదటిసారి.
కాలనీలో ఎవరికైనా వచ్చిందా అన్నాను.
ఒకామెకి తేలిందంది, పెద్దామె,
బిళ్లలు మింగుతోంది, ముప్పై కిలోలుంది,
పేరు చెప్పకూడదంది.
ఇంకేమైనా ఉందా తాతా అని అడిగింది.
పిట్టగోడ గురించి అందులో ప్రశ్న లేదు.
నేనూ చెప్పలేదు.

కాలనీ ఇక్కడికి అర కిలోమీటరు.
డాక్టరు రోజూ నడవమన్నాడు.
రోజూ అటువైపు కాకుండా నడుస్తున్నాను.

నిన్న ఫ్రిజ్ తుడుస్తుంటే
గుడ్ల అరకింద పసుపు దారం దొరికింది,
చల్లగా, బిగుసుకుని.
చేతిలో పెట్టుకున్నాను.
కాసేపటికి మెత్తబడింది.